బండి వయసు సరే, బ్రేకు గొట్టం వయసెంత?

పాత మోటార్‌సైకిల్‌కు ప్రాణం పోసేవాళ్లు ట్యాంకు రంగు కోసం నెలల తరబడి తిరుగుతారు. ముందు చక్రాన్ని ఆపే రబ్బరు గొట్టాన్ని మాత్రం గుడ్డతో తుడిచి వదిలేస్తారు. రీస్టోరేషన్‌లో అన్నిటికంటే ఆలస్యంగా గుర్తొచ్చే ఆ భాగం గురించే ఈ కథనం.

పాత బండ్ల ప్రదర్శనకు వెళ్తే జనం ఎక్కడ గుమిగూడతారో చూడండి. ముందు ట్యాంకు చుట్టూ, ఆ తర్వాత సైలెన్సర్ల దగ్గర. యజమాని కూడా అక్కడి నుంచే అందుకుంటాడు. ఏ షేడు రంగు, గీతలు ఎవరి చేత గీయించాడు, క్రోమ్ పూత ఎక్కడ వేయించాడు, ఫలానా బ్యాడ్జీ కోసం ఎన్ని ఊళ్లు తిరిగాడు. వినడానికి బాగుంటుంది కూడా. నాకు మాత్రం వేరే అలవాటు. అడిగి, ముందు బ్రేకు లీవరు ఒకసారి నొక్కి చూస్తాను. డిస్కు బ్రేకున్న పాత బండ్లలో చాలావాటికి అది ఉడికిన వంకాయ నొక్కినట్టు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. ‘పాత బండి కదండీ, అంతే ఉంటుంది’ అంటారు.

అంతే ఉండదు. షోరూమ్ నుంచి బయటికొచ్చిన రోజున అది అలా లేదు. ఇంజిన్ విప్పి బోరు చేయించి, పిస్టన్లు మార్చి, బేరింగులన్నీ కొత్తవి వేసి, 150 కి.మీ. వేగం అందుకునేలా బండిని సిద్ధం చేసినవారు దాన్ని ఆపే పనిని మాత్రం నలభై యాభై ఏళ్ల నాటి రబ్బరుకు అప్పగించి ఊరుకుంటున్నారు. ఒరిజినల్ భాగం కదా, పోగొట్టుకోవడం ఎందుకని వాళ్ల లెక్క. నా ఉద్దేశంలో టైరు, బ్రేకు ఆయిల్, బ్రేకు గొట్టం ఒకే జాతివి. అరిగిపోయి, పాడైపోయి, మార్చడానికే పుట్టిన సరుకులు. వాటికి పురావస్తు హోదా ఇవ్వడం బండి మీద ప్రేమ కాదు.

డిస్కు మీద హోండా పందెం

చేతిబలాన్ని ద్రవం ద్వారా చక్రానికి పంపడం మోటార్‌సైకిళ్ల కంటే ముందు కార్లలో కుదిరింది. మాల్కమ్ లాక్‌హీడ్ అనే అమెరికన్ ఆ పద్ధతిని రూపొందించాడు. తమ్ముడితో కలిసి విమానాలు కట్టిన మనిషే. నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో 1921లో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ కారు వచ్చింది. ద్విచక్రాలకు డిస్కు 1962లో వచ్చింది, అదీ ఒక స్కూటరుకు: ఇటలీ లాంబ్రెట్టా టీవీ175 మూడో సిరీస్‌కు. దాన్ని బిగించేది ఆయిల్ కాదు, తీగే. ఆ దశాబ్దంలోనే ఎంవీ అగుస్టా 600 సీసీ బండి రెండు డిస్కులతో వచ్చింది. అవి కూడా కేబుల్‌తో పనిచేసేవే.

1968 అక్టోబరులో టోక్యో మోటార్ షోలో హోండా సీబీ750ని చూపించింది. నాలుగు సిలిండర్లు, 736 సీసీ, 67 హార్స్‌పవర్. ఆ బండికి ప్రాజెక్టు నాయకుడు యోషిరో హరాడా. బ్రేకు విషయంలో ఆయన రెండు నమూనాలు సిద్ధం చేశాడు. ఒకటి అప్పటికే నమ్మకం కుదిరిన డ్రమ్ము, రెండోది ఇంకా అభివృద్ధి దశలోనే ఉన్న హైడ్రాలిక్ డిస్కు. డిస్కు పెడితే ఇంకా చాలా పరీక్షలు చేయాలి, గడువు దగ్గర పడుతోంది. తేల్చుకోలేని ఆ ప్రశ్న సోయిచిరో హోండా ముందుకు వెళ్లింది. ఆయన తడుముకోకుండా డిస్కే అన్నాడు. మరుసటి ఏడాది బండి అమెరికా మార్కెట్‌లో 1,495 డాలర్ల ధరకు దిగింది. వేలల్లో తయారయ్యే మోటార్‌సైకిల్‌కు హైడ్రాలిక్ డిస్కు రావడం అదే మొదలు. మూడు నాలుగేళ్లలో మిగతా పెద్ద కంపెనీలన్నీ అదే దారి పట్టాయి.

హోండా ఇంజనీర్లకు అక్కడ చిన్న చిక్కు ఎదురైంది. కారులో బ్రేకు పైపు చాలా దూరం ఛాసిస్‌ను అంటిపెట్టుకుని కదలకుండా ఉంటుంది, అందుకని ఇనుప పైపు సరిపోతుంది. మోటార్‌సైకిల్‌లో మాస్టర్ సిలిండర్ ఉండేది హ్యాండిల్ మీద. హ్యాండిల్ అటూ ఇటూ తిరుగుతుంది. కాలిపర్ ఉండేది ఫోర్కు కాలి మీద. ప్రతి గుంతకూ అది పైకీ కిందికీ పోతుంది. ఆ రెండింటి మధ్య వంగే గొట్టం తప్పదు. సీబీ750లో దాన్ని పొదుపుగా వాడారు. మాస్టర్ సిలిండర్ నుంచి ఒక రబ్బరు గొట్టం హెడ్‌లైటు కింద ఉన్న జాయింటుకు వస్తుంది. బ్రేకు లైటు వెలిగించే ప్రెషర్ స్విచ్ కూడా ఆ జాయింటులోనే ఉంటుంది. అక్కడి నుంచి రెండో రబ్బరు గొట్టం కిందికి దిగుతుంది. కదలిక లేని చివరి భాగంలో ఉక్కు పైపు కాలిపర్‌ను అందుకుంటుంది. కదిలే చోట రబ్బరు, కదలని చోట ఉక్కు. 1969 నాటికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఈ అమరిక గుర్తుంచుకోండి, దీనితో మనకు మళ్లీ పని ఉంది.

పది కిలోల పిడికిలి

లెక్క వేస్తేనే గొట్టం మోసే బరువు తెలుస్తుంది. లీవరును పది కిలోల బలంతో నొక్కారనుకుందాం. లీవరు ఆ బలాన్ని సుమారు ఐదింతలు చేసి యాభై కిలోలుగా పిస్టన్ మీద పెడుతుంది. మాస్టర్ సిలిండర్ బోరు 14 మి.మీ. అయితే లోపల ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 32 కిలోలు దాటుతుంది. కారు టైరులోని గాలి ఒత్తిడికి దాదాపు పదిహేను రెట్లు. ఎదురుగా గేదె అడ్డొచ్చినప్పుడు మనం పది కిలోలతో ఆగం, పిడికిలి మొత్తం బిగిస్తాం. ఒత్తిడి రెండింతలో మూడింతలో అవుతుంది.

ఆ సమయంలో రబ్బరు ఉబ్బుతుంది. కంటికి కనిపించదు, చేత్తో గొట్టాన్ని పట్టుకుని వేరొకరిని నొక్కమంటే వేళ్లకు తెలుస్తుంది. ఉదాహరణకు మొత్తం గొట్టం అర సీసీ మేర ఉబ్బిందనుకుంటే, ఆ అర సీసీ ఆయిల్‌ను సర్దడానికి 14 మి.మీ. పిస్టన్ మూడు మిల్లీమీటర్లకు పైగా ఊరికే ముందుకు పోవాలి. లీవరు చివర అది పదిహేను మిల్లీమీటర్లకు పైమాటే. మీ వేళ్లు అంత దూరం వెళ్లాక గానీ అసలు పని మొదలవదు. కొత్త రబ్బరు గొట్టంలో ఇది తక్కువ. లోపల గుడ్డదారాల అల్లిక రబ్బరును బిగించి పట్టుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పట్టు సడలుతుంది.

రబ్బరుకు శత్రువులు చాలామంది. ఎండ, ఇంజిన్ వేడి, గాలిలోని ఓజోన్, పైనుంచి పడే గ్రీజు. మే నెలలో షెడ్డు రేకుల కింద నిలబెట్టిన బండికి ఇవన్నీ ఒకేసారి తగులుతాయి. గొట్టాన్ని మెల్లిగా వంచి చూస్తే పైన సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. అవి కనిపించినవి కాబట్టి నయం. లోపలి గోడ విషయమే నన్ను భయపెడుతుంది. లోపలి పొర ఊడి నాలుకలా వేలాడినప్పుడు మీరు నొక్కిన ఒత్తిడి దాన్ని తోసుకుని చక్రం దాకా పోతుంది. వదిలినప్పుడు అంత బలం ఉండదు, అందుకని ఆయిల్ వెనక్కి రాదు. ప్యాడ్లు డిస్కును పట్టుకునే ఉంటాయి. నాలుగైదు కిలోమీటర్లు పోయేసరికి డిస్కు సలసల కాగుతుంది, బండి ముందుకు కదలనని మొరాయిస్తుంది. మెకానిక్ కాలిపర్ విప్పుతాడు, పిస్టన్ మారుస్తాడు, సీళ్లు మారుస్తాడు. జబ్బు గొట్టంలో ఉందని తట్టేసరికి సగం డబ్బు అయిపోతుంది.

జపాన్ కంపెనీల సర్వీసు పుస్తకాలు చాలాకాలంగా ఒకే మాట చెబుతున్నాయి: బ్రేకు ఆయిల్ రెండేళ్లకొకసారి, గొట్టాలు నాలుగేళ్లకొకసారి మార్చండి. ఆ లెక్కన 1975 నాటి బండికి ఇప్పటికి పన్నెండు సార్లు గొట్టం మారి ఉండాలి. ఒక్కసారి కూడా మారనివి షోలలో బహుమతులు పట్టుకెళ్తున్నాయి.

ఉక్కు అల్లిక ఇచ్చేది, ఇవ్వనిది

ఇప్పుడు చాలామంది వేయించుకుంటున్నది స్టీలు తీగలు అల్లిన గొట్టం. దాని లోపల రబ్బరు ఉండదు, టెఫ్లాన్ ఉంటుంది. 1938 ఏప్రిల్‌లో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్ ఫ్రిజ్‌లకు వాడే గ్యాసు మీద పనిచేస్తుండగా ఒక సిలిండరు నుంచి గ్యాసు రావడం మానేసింది. బరువు మాత్రం తగ్గలేదు. కోసి చూస్తే లోపల తెల్లటి పొడి ఉంది. మన దోసె పెనం మీద పూతగా ఉన్న టెఫ్లాన్ అదే. వేడికి చలించదు, బ్రేకు ఆయిల్ దాన్ని ఏమీ చేయలేదు, తేమను రబ్బరులా లోపలికి రానివ్వదు. ఒక్కటే లోపం: దానంతట అదిగా ఎక్కువ ఒత్తిడి తట్టుకోలేదు. అందుకే చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీలు తీగల అల్లిక. లోపలి రంధ్రం మూడు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే.

అమ్మేవాళ్లు ఒక అబద్ధం చెబుతారు, లేదా కొనేవాళ్లే అలా ఊహించుకుంటారు: స్టీలు గొట్టం వేస్తే బ్రేకు బలం పెరుగుతుందని. పెరగదు. అదే చేయి, అదే సిలిండరు, అదే ప్యాడ్లయితే చక్రం మీద పడే బలం అంతే. తగ్గేది వృథా. లీవరు కదలికలో గొట్టం మింగేస్తున్న భాగం మిగులుతుంది, వేలికి బ్రేకు ఎక్కడ పట్టుకుంటోందో స్పష్టంగా తెలుస్తుంది. తడిరోడ్డు మీద ముందు చక్రం జారే హద్దు దాకా వెళ్లి ఆగగలగడం ఆ స్పష్టత వల్లే.

మిగిలిన కదలికను దేనికి ఖర్చు పెట్టాలన్నది అసలు విద్య. ఇంగ్లండ్ నార్టన్ కమాండో యజమానులు దీన్ని చక్కగా వాడుకున్నారు. 1972 నుంచి ఆ బండికి లాక్‌హీడ్ వారి డిస్కు ముందు చక్రానికి వచ్చింది. లీవరు గట్టిగా, చెక్క ముక్కలా ఉంటుందని పేరు పడింది. ఎంత పిసికినా బండి తీరిగ్గా ఆగుతుంది. కారణం మాస్టర్ సిలిండర్ బోరు మరీ పెద్దది కావడం: 5/8 అంగుళం, అంటే 15.9 మి.మీ. దానిలో లేత్ మీద స్లీవు దించి 13 మి.మీ.కు తగ్గిస్తారు. పిస్టన్ వైశాల్యం తగ్గింది కనుక అదే చేతిబలానికి ఒత్తిడి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ప్రకృతి దాని బదులు తీసుకుంటుంది: లీవరు కూడా ఒకటిన్నర రెట్ల దూరం కదలాలి. ఉబ్బే పాత రబ్బరు ఉంటే లీవరు హ్యాండిల్‌కు తగిలిపోతుంది. ఉబ్బని గొట్టం ఉంటేనే ఆ స్లీవు వల్ల లాభం. ఒకటి లేకుండా రెండోది చేయిస్తే సగం పనే.

గొట్టం బాగుచేయలేనివి ఇంకా ఉన్నాయి. సీబీ750లాంటి ఆనాటి జపాన్ బండ్ల స్టెయిన్‌లెస్ డిస్కులు వానలో తడిస్తే మొదటి క్షణం పట్టవు. అది డిస్కు, ప్యాడ్ల మధ్య తగువు. తుప్పు పట్టిన కాలిపర్ పిస్టన్, బిగుసుకుపోయిన కాలిపర్ పిడి, మాస్టర్ సిలిండర్ మీది ఆయిల్ ట్యాంకు అడుగున సూది మొనంత ఉండే రంధ్రం. ఈ చివరిదాని గురించి ఒక మాట చెప్పాలి. బ్రేకు వదిలాక ఆయిల్ ట్యాంకులోకి వెనక్కి పోయే దారి అదే. ఏళ్ల తరబడి నిలవున్న ఆయిల్ గడ్డకట్టి దాన్ని మూసేస్తుంది. అప్పుడు డిస్కు వేడెక్కేకొద్దీ వ్యాకోచించిన ఆయిల్‌కు పోయేచోటు లేక బ్రేకు దానంతటదే బిగుస్తుంది. ఇవన్నీ శుభ్రం చేయకుండా మెరిసే గొట్టం వేయించడం వల్ల మెరుపు తప్ప ఏమీ రాదు.

చూసేవాళ్ల కంటికి, నడిపేవాడి చేతికి

ఒరిజినాలిటీ గొడవ ఇక్కడే వస్తుంది. సీబీ750లో మొదటి 7,414 బండ్ల ఇంజిన్ కేసులు ఇసుక అచ్చుల్లో పోతపోసినవి. వాటిలో ఒకటి చేతికి చిక్కినవాడు ఒక్క నట్టు మార్చడానికీ వెనకాడతాడు. ఆ భయం అర్థం చేసుకోదగిందే. పాత వాహనాల ప్రపంచ సమాఖ్య ఫివా రాసుకున్న ట్యూరిన్ చార్టర్ కూడా ఆ కాలానికి చెందని మార్పులు వద్దనదు. అవి కొట్టొచ్చినట్టు కనిపించకూడదు, వీలైతే వెనక్కి తీసేలా ఉండాలి, విప్పిన అసలు భాగాలు దాచాలి అని మాత్రమే అంటుంది. బ్రేకు గొట్టానికి అంతకంటే సరిపోయే సూత్రం లేదు. రెండు బోల్టులు విప్పితే పాతది మళ్లీ ఎక్కుతుంది.

కంటికి కనిపించకుండా ఉండడానికి చక్కటి ఉపాయం ఉంది. స్టీలు అల్లిక మీద నల్లటి పూత ఉన్న గొట్టాలు దొరుకుతాయి. దూరం నుంచి చూస్తే అసలు రబ్బరే అనిపిస్తుంది. ఆ పూతకు అందం ఒక్కటే పని కాదు. పూతలేని స్టీలు అల్లిక సన్నటి ఆకురాయి. మడ్గార్డుకు రాసుకుంటే ముందు రంగు పోతుంది, తర్వాత క్రోమ్ పోతుంది, అల్యూమినియం ఫోర్కు కాలికి గాడి పడుతుంది. ఎరుపు, నీలం, బంగారు రంగుల అల్యూమినియం ఫిట్టింగులతో వచ్చే సెట్లు 1972 బండి మీద చూస్తే నాకు పెళ్లిమండపంలో సీరియల్ లైట్లు గుర్తొస్తాయి. రోడ్డు మీద తిరిగే బండికి స్టీలు ఫిట్టింగులే గట్టి.

మరో చర్చ, ఒకే పొడుగు గొట్టమా, ఉన్నదున్నట్టా? చాలామంది సీబీ750 యజమానులు మాస్టర్ సిలిండర్ నుంచి కాలిపర్ దాకా ఒకే స్టీలు గొట్టం లాగేస్తారు. జాయింట్లు తగ్గుతాయి, గాలి తీయడం సులువు. కానీ మధ్యలోని జాయింటు పోతే దానిలోని ప్రెషర్ స్విచ్ కూడా పోతుంది, ముందు బ్రేకు నొక్కితే వెనక లైటు వెలగదు. స్విచ్ కలిసున్న ప్రత్యేక బోల్టు వేస్తే గానీ ఆ పని జరగదు. నా ఓటు పాత అమరికకే. రెండు రబ్బరు గొట్టాల స్థానంలో రెండు నల్లపూత స్టీలు గొట్టాలు, మధ్యలో హోండా జాయింటు, కింద హోండా ఉక్కు పైపు. ఉబ్బే రబ్బరు మొత్తం పోయింది, హరాడా బృందం వేసిన దారి అలాగే ఉంది. ఇంతకంటే ఏం కావాలి?

ఆటోనగర్‌లో జాగ్రత్త

మన దగ్గర ఈ పని ఎక్కడ జరుగుతుంది? విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో హైడ్రాలిక్ గొట్టాలు చేసిపెట్టే దుకాణాలుంటాయి. జేసీబీలకు, క్రేన్లకు, లారీల జాకీలకు కావలసిన పొడుగులో కోసి, చివర్లు మిషన్‌లో పెట్టి నొక్కి అప్పటికప్పుడే ఇచ్చేస్తారు. వాళ్ల పనితనం మీద నాకు చాలా గౌరవం. అయినా బ్రేకు గొట్టం అక్కడ మామూలు హైడ్రాలిక్ సరుకుతో చేయించవద్దు. జేసీబీ గొట్టంలో పారేది మినరల్ ఆయిల్. దానికి తగ్గట్టు లోపలి పొర నైట్రైల్ రబ్బరుతో ఉంటుంది. మన బ్రేకు ఆయిల్ గ్లైకాల్ జాతిది. నైట్రైల్‌కు అది సరిపడదు. ఉబ్బి, మెత్తబడి, ముక్కలుగా రాలుతుంది. ఒత్తిడి తట్టుకునే విషయంలో ఆ గొట్టానికి ఏ ఢోకా లేదు, చచ్చేది రసాయనం వల్ల. టెఫ్లాన్ లోపలి పొర, బ్రేకులకే చేసిన గొట్టం అని రూఢి చేసుకుంటేనే తీసుకోవాలి. గొట్టం మీద అమెరికా ఎఫ్ఎంవీఎస్ఎస్ 106 ప్రమాణం ముద్ర ఉంటే మంచిది. ఆ ప్రమాణం కింద గొట్టాన్ని 4,000 పీఎస్ఐ ఒత్తిడిలో రెండు నిమిషాలు ఉంచుతారు, వేరే పరీక్షలో 35 గంటలపాటు ఆపకుండా ఊపుతారు.

రెండో గండం మరచుట్లు. గొట్టం చివర ఉంగరంలాంటి బాంజో ఫిట్టింగులోంచి దూరే బోల్టు జపాన్ బండ్లలో ఎక్కువగా ఎం10, చుట్టుకు 1.25 మి.మీ. ఇటలీ బ్రెంబో సరుకులో అదే ఎం10, కానీ చుట్టుకు 1 మి.మీ. పాత ఇంగ్లిష్ లాక్‌హీడ్‌లో 3/8 అంగుళం, అంగుళానికి 24 చుట్లు. చేత్తో చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. తప్పు బోల్టు రెండు చుట్లు హాయిగా తిరుగుతుంది, మూడోదానికి బిగుస్తుంది. అక్కడ ఆగకుండా పానా వేసి తిప్పినవాడు మాస్టర్ సిలిండర్‌లోని అల్యూమినియం మరను చీల్చేస్తాడు. కొత్తది దొరకని బండికి అలా జరిగితే రీస్టోరేషన్ అక్కడే నెలల తరబడి ఆగుతుంది. బాంజోకు రెండు వైపులా రాగి వాచర్లు కొత్తవి పడాలి. ఒకసారి నలిగిన వాచరు మళ్లీ అంత బాగా సీలు కాదు.

మనవాళ్ల కలల బండి రాజ్‌దూత్ 350 ఈ కథలోకి ఇక్కడ వస్తుంది. యమహా ఆర్‌డీ350ని 1983లో ఎస్కార్ట్స్ ఇక్కడ తయారుచేయడం మొదలుపెట్టింది. 1973లో అమెరికాలో అమ్మిన ఆర్‌డీకి ముందు డిస్కు ఉంది. ఖర్చు తగ్గించడానికి మన బండికి డ్రమ్ము వచ్చింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, ఆ రోజుల్లో రోడ్డు మీద దానికి పోటీ లేదు. టూస్ట్రోక్ కాబట్టి యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ బండిని పెద్దగా పట్టుకోదు, భారమంతా బ్రేకుల మీదే. ఇక ఆ డ్రమ్ము మీద వచ్చిన తిట్లు ఇన్నీ అన్నీ కావు. అందుకే ఇప్పుడు చాలా రాజ్‌దూత్‌లు డిస్కు వేసుకుని తిరుగుతున్నాయి. కొందరు పాత ఆర్‌డీ భాగాలు వెతికి తెస్తారు, ఎక్కువమంది ఏదో కొత్త బండి ఫోర్కులు, చక్రం, కాలిపర్ మొత్తంగా బిగిస్తారు. కాలిపర్ ఒక బండిది, మాస్టర్ సిలిండర్ మరో బండిది, గొట్టం మూడో బండిది. రెండు డిస్కుల బండి సిలిండర్ తెచ్చి ఒక్క కాలిపర్‌కు కలిపితే నార్టన్ కథ ఇక్కడ మళ్లీ నడుస్తుంది: లీవరు గట్టి, ఆగడం తక్కువ. యజమాని గొట్టాన్ని తిడతాడు.

చట్టం వైపు కూడా ఒక చూపు వేయాలి. తయారీదారు ఇచ్చిన స్వరూపం మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దాన్ని గట్టిగా చెప్పింది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా ఉంటే ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, రోజువారీ తిరుగుడుకు మాత్రం వాడకూడదు. తొలి రాజ్‌దూత్ 350లకు ఆ వయసు 2033లో వస్తుంది. ఫోర్కులు మార్చేసిన బండికి అప్పుడు ఏమంటారో ఆలోచించుకుని, విప్పిన అసలు డ్రమ్ము చక్రాన్ని పాత ఇనుముకు వేయకుండా అటక మీద పెట్టుకోవడం మంచిది.

మైసూరులో తయారైన జావా, యెజ్డీలకు, మద్రాసు బుల్లెట్‌లకు ఈ గొడవేమీ లేదు. వాటిది డ్రమ్ము, తీగ. 1999లో వచ్చిన సీబీజెడ్‌లాంటి బండ్ల కాలం దాకా మనదేశంలో డిస్కు అరుదైన సరుకే. డ్రమ్ము బండ్ల యజమానులు చేయగలిగింది ఒకటుంది: లోపల నైలాన్ పొర ఉన్న మంచి కేబుల్ వేయడం, బ్రేకు పట్టుకునే క్షణంలో కేబులుకూ డ్రమ్ము మీది చేతికీ మధ్య లంబకోణం వచ్చేలా చూసుకోవడం. ఆ కోణం తప్పితే లాగిన బలంలో కొంత గాలికి పోతుంది.

ఆయిల్, గాలి, ఆఖరి బోల్టు

గొట్టం మార్చినప్పుడు పాత ఆయిల్ మళ్లీ పోసేవాళ్లున్నారు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది నియమం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3కి ఆ అంకెలు 205, 140. బండి, మనిషి కలిపి 300 కిలోలు అనుకుందాం. 100 కి.మీ. వేగం నుంచి ఒక్కసారి ఆగితే పుట్టే వేడితో దాదాపు 400 మి.లీ. నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచవచ్చు. ఆ వేడిలో ఎక్కువ భాగం ముందు డిస్కు, ప్యాడ్లు మోస్తాయి. ఘాట్ రోడ్డు దిగుతూ మళ్లీ మళ్లీ ఆపితే కాలిపర్‌లోని ఆయిల్ మరుగుతుంది, ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే నలుగుతుంది, లీవరు హ్యాండిల్‌కు తగులుతుంది. స్టీలు గొట్టం ఉన్నా లేకున్నా అప్పుడు తేడా ఉండదు.

సీసా మీద పేర్లలో ఒక ఉచ్చు ఉంది. డాట్ 5.1 గ్లైకాల్ జాతి, డాట్ 4తో కలుస్తుంది. డాట్ 5 సిలికాన్, ఊదా రంగులో ఉంటుంది, ఆ రెండింటితో కలపకూడదు. సిలికాన్ రంగును పాడు చేయదు, నీరు పీల్చదు, అందుకే కదలకుండా నిలబడి ఉండే బండ్ల సేకరణకర్తలకు అది ఇష్టం. కానీ లోపలికి చేరిన నీరు దానిలో కరగక కాలిపర్ అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. గాలి బుడగలు తీయడమూ కష్టం. నడిపే బండికి డాట్ 4 చాలు, రెండేళ్లకొకసారి మారిస్తే. అది పెట్రోల్ ట్యాంకు మీద చుక్క పడినా రంగు లేచిపోతుంది కాబట్టి ట్యాంకు విప్పి పక్కన పెట్టి, నీళ్ల బకెట్టు దగ్గరుంచుకుని పని మొదలుపెట్టాలి. గ్లైకాల్ నీటిలో కరుగుతుంది, పడిన వెంటనే కడిగితే రంగు దక్కుతుంది.

గొట్టం పొడుగు కొలిచేటప్పుడు బండిని స్టాండు మీద ఎత్తి ముందు చక్రం గాలిలో వేలాడేలా చూడాలి. ఫోర్కు పూర్తిగా సాగుతుంది. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఎక్కువ దూరం ఎక్కడొస్తే అక్కడ కొలవాలి. హ్యాండిల్ మార్చే ఆలోచన ఉంటే ముందే మార్చి తర్వాత కొలవాలి. టెఫ్లాన్ గొట్టం ఒకసారి మడత పడితే అది ఇక పనికిరాదు. చేత్తో సాపు చేసి బిగించేయడం ప్రమాదం. మెలిక కూడా పడకూడదు. బోల్టు బిగించేటప్పుడు బాంజో దానితోపాటు తిరగకుండా రెండో చేత్తో పట్టుకోవాలి.

గాలి తీసే పనిలో ఓపిక లేనివాళ్లే స్టీలు గొట్టం మీద చెడ్డపేరు తెచ్చారు. సన్నటి రంధ్రంలో బుడగలు మొండిగా అతుక్కుంటాయి, పై బాంజో దగ్గర మరీనూ. సిరంజితో కింద కాలిపర్ నిపిల్ నుంచి పైకి ఆయిల్ తోస్తే గాలికి ఇష్టమైన దారిలోనే అది వెళ్తుంది. మిగిలినదానికి పాత చిట్కా ఉంది: లీవరును హ్యాండిల్‌కు కట్టి రాత్రంతా వదిలేయడం. పొద్దునకు చిన్న బుడగలు పైకి చేరుకుని ఉంటాయి, నెమ్మదిగా రెండు మూడు సార్లు వదిలితే ఆయిల్ ట్యాంకులో బుడబుడమని బయటపడతాయి. కొత్త ప్యాడ్లు వేసి ఉంటే వాటిని ఖాళీ రోడ్డు మీద 40 నుంచి 50 కి.మీ. వేగంలో మెల్లగా, మధ్యలో చల్లారనిస్తూ డిస్కుకు అలవాటు చేయాలి. అంతకుముందు 20 కి.మీ. వేగంలోనే ఒకసారి ఆపి చూసుకోవాలి. ఆ తర్వాత ప్రతి బాంజో చుట్టూ తెల్లకాగితం ముక్క తిప్పి చూడాలి, తడి మరక ఉంటే వాచరు మార్చాలి. వారం గడిచాక మళ్లీ ఒకసారి. ఆయిల్ మట్టం తగ్గి, ఎక్కడా మరక కనిపించకపోతే లీవరు పక్కన మాస్టర్ సిలిండర్ చివర ఉండే చిన్న రబ్బరు తొడుగు ఎత్తి చూడండి. అక్కడ తడిగా ఉందంటే గొట్టం పని అయిపోయింది గానీ, సిలిండరు కిట్టు పని మిగిలే ఉంది.